విమానాలు బాగుచేసిన చేతులే రైలు పెట్టెలు కట్టాయి (యుద్ధం వదిలిన మైదానాలు – 7వ భాగం)

గత సంచికలో మనం మిషిగన్ రాష్ట్రంలోని విల్లో రన్ దగ్గర ఆగాం. ఫోర్డు కంపెనీ అక్కడ 8,000కు పైగా లిబరేటర్ బాంబర్లను తయారుచేయడం, యుద్ధం ముగియగానే అదే కప్పు కింద కైజర్-ఫ్రేజర్ కార్లు రావడం చెప్పుకున్నాం. ఈసారి మన ఇంటికి దగ్గరగా వద్దాం. బెంగుళూరులో హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం మనలో చాలామందికి తెలుసు. 2008 మే నెలలో దేవనహళ్లి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచేదాకా ఆ నగరానికి విమానంలో వెళ్లిన ప్రతి మనిషీ ఆ రన్‌వే మీదే దిగాడు. నిజానికి దాన్ని ప్రయాణికుల కోసం వేయలేదు. ఆ రన్‌వే, దాని పక్కన షెడ్లు, ఆ షెడ్లలో పనిచేసిన జనం, అన్నీ రెండో ప్రపంచ యుద్ధం పోగుచేసినవే. యుద్ధం వెళ్లిపోయాక ఆ జనం ఏం చేశారన్నదే ఈ భాగంలోని కథ.

కథలో మొదటి మనిషి వాల్‌చంద్ హీరాచంద్. విశాఖపట్నం వాళ్లకు ఆయన పేరు కొత్త కాదు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తరఫున అక్కడ ఓడల కర్మాగారానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది ఆయనే. ఓడ, విమానం, కారు మూడూ ఈ దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టిన వ్యాపారి. కారు విషయంలో ఆయనకు తోడు నిలిచిన పెద్దమనిషి, ఇంటిపేరులోనే మన మోక్షగుండం ఊరును వెంటబెట్టుకు తిరిగిన విశ్వేశ్వరయ్య. బెంగుళూరులో కార్ల కర్మాగారం పెట్టించాలని ఆయన 1930లలో ఎక్కని గడప లేదు. బ్రిటిష్ సర్కారు కలిసి రాలేదు, ఆ పని సాగలేదు. అయితే ఆ తిరుగుళ్లలో మైసూరు సంస్థానానికీ వాల్‌చంద్‌కూ కుదిరిన పరిచయం వృథా పోలేదని నాకు అనిపిస్తుంది.

1939లో, యూరపులో యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, వాల్‌చంద్ పసిఫిక్ సముద్రం మీదుగా విమానంలో ప్రయాణం చేస్తున్నారు. అదే విమానంలో విలియం పాలీ అనే అమెరికన్ ఉన్నాడు. చైనా ప్రభుత్వం కోసం బర్మా సరిహద్దులోని లోయివింగ్‌లో విమానాల కర్మాగారం నడుపుతున్న మనిషి. చైనాలో చేయగలిగింది ఇండియాలో ఎందుకు చేయలేం అని మాట మీద మాట పెరిగింది. భారత ప్రభుత్వం మొదట ఊగిసలాడింది. 1940 వేసవిలో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయాక బ్రిటన్ నుంచి విమానాలు వస్తాయన్న ఆశ ఎవరికీ మిగల్లేదు, అనుమతి దొరికింది.

స్థలం ఎక్కడన్న ప్రశ్న వచ్చినప్పుడు మైసూరు దివాను సర్ మీర్జా ఇస్మాయిల్ చురుగ్గా కదిలారు. బెంగుళూరుకు తూర్పున 700 ఎకరాలు ఇస్తామన్నారు, కరెంటు చవకగా ఇస్తామన్నారు. ఆ కరెంటు మాట ఉత్త మాట కాదు. శివనసముద్రం జలపాతం నుంచి 1902లోనే కోలారు బంగారు గనులకు విద్యుత్తు పంపిన సంస్థానం అది. పైగా నగరంలో టాటాలు నెలకొల్పిన సైన్సు ఇన్‌స్టిట్యూట్ ఉంది, భద్రావతిలో ఇనుము, ఉక్కు కర్మాగారం ఉంది, వాతావరణం ఏడాది పొడుగునా అనుకూలం, సముద్రానికి దూరం కాబట్టి శత్రువు ఓడల భయం లేదు. 1940 డిసెంబరు 23న హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ రిజిస్టరయింది. దొమ్మలూరు రోడ్డులో ‘ఈవెన్‌టైడ్’ అనే బంగళాలో ఆఫీసు తెరిచారు. మరుసటి మార్చిలో కేంద్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు పెట్టి మూడో వంతు వాటా తీసుకుంది. (మీర్జా ఇస్మాయిల్ తర్వాత మన దగ్గరికీ వచ్చారు. 1946-47లో నిజాం ప్రభుత్వానికి ప్రధానిగా హైదరాబాదులో కొన్ని నెలలు గడిపారు. అక్కడ ఆయన మాట చెల్లలేదు. అది వేరే కథ.)

పని జరిగిన వేగం ఇవాళ చదివినా ఆశ్చర్యంగా ఉంటుంది. కంపెనీ పెట్టిన ఎనిమిది నెలలకే, 1941 ఆగస్టులో, హార్లో శిక్షణ విమానం బెంగుళూరు ఆకాశంలో ఎగిరింది. భాగాలు అమెరికావి, బిగించిన చేతులు ఇక్కడివి. 1942 జులైలో కర్టిస్ హాక్ యుద్ధ విమానం లేచింది. వి.ఎం. ఘాట్గే అనే యువ శాస్త్రవేత్త పదిమంది కూర్చునే గ్లైడర్‌కు రూపకల్పన చేశాడు. జర్మనీలో గాలి ప్రవాహాల శాస్త్రానికి పెద్దదిక్కయిన ప్రాంట్ల్ దగ్గర చదువుకున్నవాడు. ఈ ఘాట్గే మళ్లీ మనకు ఎదురవుతాడు, గుర్తుంచుకోండి.

అంతలో యుద్ధం గుమ్మంలోకి వచ్చింది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడింది, మార్చిలో రంగూను పడింది. ఏప్రిల్ 5న కొలంబో మీద, మర్నాడు మన విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. కోస్తా జిల్లాల్లో జనం మూటాముల్లే సర్దుకుని లోపలి పల్లెలకు తరలిన రోజులవి. అదే నెలలో భారత ప్రభుత్వం బెంగుళూరు కర్మాగారాన్ని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకుంది. వాల్‌చంద్ వాటా కొనేసింది. మైసూరు వాటా అలాగే ఉంచి, యుద్ధకాలానికి పెత్తనం మాత్రం తీసేసుకుంది. కొత్త విమానాలు కట్టడం పక్కకు పోయింది. యుద్ధరంగంలో దెబ్బతిన్నవాటిని బాగుచేసి తిరిగి పంపడమే ఇక పని అన్నారు.

కొనుగోలు ధర చెల్లించారు గనక లెక్క సరిపోయిందనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒక భారతీయుడు రెండున్నరేళ్లు ముందుచూపుతో నిలబెట్టిన పరిశ్రమను, తయారీ నుంచి మరమ్మతుకు దించి, ఆయన పేరే లేకుండా చేశారు. యుద్ధ అవసరం నిజమే కావచ్చు. బెంగుళూరులో విమానం తయారవుతుందన్న ఆలోచన మాత్రం దాదాపు పదేళ్లు వెనక్కి పోయింది. ఆ నష్టం వాల్‌చంద్ ఒక్కరిదే కాదు.

1943 సెప్టెంబరులో కర్మాగారం నిర్వహణ అమెరికా సైనిక విమానదళం చేతికి వెళ్లింది. కాగితాల మీద దాని పేరు 84వ ఎయిర్ డిపో. బర్మా, చైనా వైపు పోరాడే విమానాలకు ఇదే పెద్దాసుపత్రి అయింది. లిబరేటర్లు, మిచెల్ బాంబర్లు, డకోటాలు వచ్చేవి. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసి అరిగిపోయిన ఇంజన్లు వచ్చేవి. రన్‌వే పొడిగించారు, షెడ్లు పెరిగాయి. మైసూరు రాజ్యపు కన్నడిగులు, కంటోన్మెంటు తమిళులు, కోలారు, చిత్తూరు వైపు తెలుగువాళ్లు వేల సంఖ్యలో పనిలో చేరారు. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు విమానాన్ని దగ్గరగా చూసినవాళ్లు కూడా కాదు.

కెటాలినాలు వచ్చే తీరు ఊరికే వింతగా ఉండేది. అవి నీటి మీద వాలే విమానాలు. జలాంతర్గాముల కోసం సముద్రం మీద గంటల తరబడి గస్తీ తిరిగేవి. కర్మాగారానికి దక్షిణాన ఉన్న బెల్లందూరు చెరువు వాటికి రేవయింది. పొలాలకు నీళ్లిచ్చే పాతకాలపు చెరువు మీద రెండు ఇంజన్ల పడవ విమానం వచ్చి వాలేది. దాన్ని ఒడ్డుకు చేర్చి, నేల మీదుగా లాక్కుని షెడ్డులోకి తీసుకెళ్లేవారు. ఉప్పునీళ్లలో నానిన లోహం కాబట్టి అడుగు పొట్ట మొత్తం ఒక్కొక్క రేకుగా పరీక్షించాలి. తుప్పు పట్టిన రేకు విప్పి కొత్త రేకు వేయాలి.

ఆ రేకు వేయడమన్న పనిని కాస్త దగ్గరగా చూద్దాం. ఈ కథకు మూలం అక్కడే ఉంది. విమానపు ఒంటి రేకు మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని లోపలి చట్రానికి రివెట్లతో బిగిస్తారు, ఒక్కో విమానానికి లక్షల రివెట్లు. ఒక్కో రివెట్టుకు ఇద్దరు మనుషులు కావాలి. బయట నిలబడినవాడు గాలితో నడిచే తుపాకీ లాంటి పనిముట్టుతో రివెట్టు తల మీద కొడతాడు. లోపల, ఇరుకులో, ఒళ్లు ముడుచుకుని కూర్చున్నవాడు బరువైన ఉక్కు కడ్డీని రివెట్టు తోకకు ఆనించి పట్టుకుంటాడు. ఇటు దెబ్బకు అటు తోక చదునవుతుంది. ఒకరికొకరు కనబడరు, మధ్యలో రేకు. చెవులు పగిలే మోత కాబట్టి మాట వినబడదు, రేకు మీద తట్టి సైగ చేసుకోవాలి. దెబ్బ ఒకటి ఎక్కువైతే రేకు సొట్టపడుతుంది, ఒకటి తక్కువైతే రివెట్టు వదులవుతుంది. వదులు రివెట్టు ఆకాశంలో ప్రాణం తీస్తుంది. పైగా కొన్ని రకాల రివెట్లను కొలిమిలో కాచి, మంచుపెట్టెలో దాచి, తీసిన కొద్ది నిమిషాల్లోనే కొట్టేయాలి. ఆలస్యమైతే గట్టిపడి పగుళ్లిస్తాయి. ఈ పని పుస్తకం చదివి రాదు. ఇన్‌స్పెక్టరు చేతిలో వందసార్లు తిరస్కారం పొంది నేర్చుకున్నదది. కొలత అంటే కొలతే, ‘సుమారుగా’ అన్న మాట చెల్లదన్న అలవాటు ఆ రెండేళ్లలో ఆ వేల మందికి ఒంటబట్టింది.

1942 డిసెంబరులో సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో విమాన నిర్మాణ శాస్త్ర విభాగం మొదలవడానికీ ఈ కర్మాగారమే కారణం. పైన ఇంజనీర్లు అక్కడ తయారయ్యారు, కింద కార్మికులు షెడ్డులో తయారయ్యారు. బెంగుళూరు ఇవాళ్టి రూపానికి కంప్యూటర్లను మూలంగా చెబుతుంటారు. అంతకు నలభై ఏళ్ల ముందు ఈ రెండు చోట్లా పడిన పునాదిని చాలామంది మరిచిపోయారు. నాకది బాధగా ఉంటుంది.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. ఏడాది తిరగకముందే అమెరికన్లు సామాను సర్దుకున్నారు. కర్మాగారం భారత ప్రభుత్వ పరిశ్రమలు, సరఫరాల శాఖ కిందికి వచ్చింది. ఇప్పుడేం చేయాలి? దెబ్బతిన్న విమానాలు ఇక రావు. యుద్ధంలో మిగిలిపోయిన విమానాలు ప్రపంచమంతటా కారుచవకగా అమ్ముడుపోతుంటే కొత్తవి కొనేవాడు లేడు. బ్రిటన్ నుంచి వచ్చిన నిపుణుల బృందం ఒకటి 1946లో పరిశీలించి, ఇరవై ఏళ్లలో ఇండియా తన విమానాలు తాను చేసుకునేలా ఇక్కడ బీజం వేయమని చెప్పింది. ఇరవై ఏళ్ల మాట సరే, ఈ నెల జీతాల మాట ఏమిటి? మనుషుల్ని పంపేస్తే ఆ చేతివాటం మళ్లీ దొరకదు. రివెట్టు కొట్టడం మానేసిన చెయ్యి ఏడాదిలో మొద్దుబారుతుంది.

సరిగ్గా అప్పుడే రైల్వేలు చితికిపోయి ఉన్నాయి. యుద్ధకాలంలో మన ఇంజన్లను, వ్యాగన్లను, పట్టాలను పశ్చిమాసియాకు ఓడలకెత్తారు. రైల్వే వర్క్‌షాపులు పెట్టెలు బాగుచేయడం మాని ఆయుధ భాగాలు చేశాయి. మిగిలిన పెట్టెల్లో సైనికులు తిరిగారు. తర్వాత దేశ విభజన వచ్చింది. శరణార్థులతో, పైకప్పుల మీద కూడా జనంతో రైళ్లు నడిచాయి. పెట్టెల్లో చాలావరకు చెక్క ఒళ్లు. రెండు బళ్లు గుద్దుకుంటే అగ్గిపెట్టె డబ్బాలోకి డబ్బా దూరినట్టు ఒక పెట్టె మరో పెట్టెలోకి చొచ్చుకుపోయేది. నిప్పంటుకుంటే చెప్పనే అక్కర్లేదు. ఆ ప్రమాదం ఎక్కువగా మోసింది మూడో తరగతి జనం. ఇరుకు బల్లలు, కిక్కిరిసిన పెట్టెలు, దీపం వెలిగితే వెలిగినట్టు. రైల్వేల ఆదాయంలో పెద్ద వాటా వాళ్లదే, అందరికన్నా అధ్వానమైన పెట్టెలూ వాళ్లవే.

హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఆ మూడో తరగతి పెట్టెల్ని పూర్తి లోహంతో కట్టే పని అందుకుంది. విమానాల కర్మాగారం రైలు పెట్టెలు కట్టడమేమిటి, దిగజారడం కాదా అని అప్పట్లో కొందరికి అనిపించి ఉండొచ్చు. నా దృష్టిలో ఈ కర్మాగారం చరిత్రలో అంతకన్నా గొప్ప నిర్ణయం లేదు. ఎందుకంటే కావలసినవన్నీ ఆ షెడ్లలో ముందే ఉన్నాయి. విమానాలు పట్టే పొడవైన, మధ్యలో స్తంభాలు లేని షెడ్లు ఉన్నాయి. రేకును వంచే ప్రెస్సులు ఉన్నాయి. ఒకేలాంటి వస్తువును వరసగా బిగించుకుపోయే పద్ధతి అమెరికన్లు నేర్పి వెళ్లారు. చట్రం, దాని మీద రేకు, బిగింపు, తనిఖీ, ఇవే మెట్లు. లోహం మారింది, మందం మారింది, మనుషులు మారలేదు. బాంబరు పొట్టలో ముడుచుకుని కడ్డీ పట్టుకున్నవాడే ఇప్పుడు పెట్టె గోడ దగ్గర నిలువుగా నిలబడి పనిచేశాడు. బస్సుల ఒళ్లు కట్టే పనీ ఇదే దారిలో వచ్చింది.

పెరంబూరులో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని నెహ్రూ ప్రారంభించింది 1955 అక్టోబరు 2న. దానికి ముందు ఆ ఏళ్లలో మన దేశంలో లోహపు పెట్టెలు కట్టిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, వాటిలో బెంగుళూరు ముఖ్యమైనది. 1950లలో పల్లె నుంచి పట్నానికి మూడో తరగతి టిక్కెట్టుతో వెళ్లిన కుటుంబాలు ఎన్నో. వాళ్ల తలమీది ఉక్కు కప్పును కట్టిన చేతులు కొన్నేళ్ల కిందట యుద్ధ విమానాలను బాగుచేశాయని వాళ్లలో ఎందరికి తెలుసు?

రైలు పెట్టెల సంపాదనతో షెడ్లు బతికి ఉండబట్టే విమానాలు తిరిగి వచ్చినప్పుడు అందుకునే చేతులు మిగిలాయి. మొదటి పరీక్ష కాన్పూరులో ఎదురైంది. బ్రిటిష్ వైమానిక దళం వెళ్లిపోతూ అక్కడి మైదానంలో లిబరేటర్లను వదిలేసింది. ఊరికే వదల్లేదు. మళ్లీ ఎవరూ ఎగరేయకుండా చట్రాలు విరగ్గొట్టింది, ఇంజన్లలో ఇసుక పోసింది. స్వతంత్ర భారతానికి పెద్ద బాంబర్లు కావలసి వచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. బెంగుళూరు నుంచి మనుషులు వెళ్లారు. ఒక విమానం రెక్క, మరో విమానం తోక, ఇంకోదాని ఇంజను, ఇలా పోగేసి, ఎగరగలిగినంత వరకు అతికించారు. హెచ్.ఎ.ఎల్. పరీక్షా పైలట్ జంషెడ్ మున్షీ వాటిని కాన్పూరు నుంచి బెంగుళూరుకు ఎగరేసుకొచ్చాడు. ఆ అతుకుల విమానంలో ఉత్తర భారతం నుంచి దక్కను మీదుగా రావడానికి ఎంత గుండె కావాలో ఊహించండి. బెంగుళూరు షెడ్లలో పూర్తి మరమ్మతయ్యాక మొదటి విడత 1948 నవంబరులో వైమానిక దళం 5వ స్క్వాడ్రన్‌కు చేరింది. ఆ లిబరేటర్లు 1968 దాకా కొలువు చేశాయి. ఇవాళ విదేశీ మ్యూజియంలలో పిల్లలు నోరెళ్లబెట్టి చూసే లిబరేటర్లలో కొన్ని, మనవాళ్లు చెత్తలోంచి బతికించినవే. తయారుచేసిన దేశాలు తమవాటిని ఎప్పుడో తుక్కుగా కరిగించేశాయి.

1951 జనవరిలో కర్మాగారం రక్షణ శాఖ కిందికి వెళ్లింది. అదే ఏడాది ఆగస్టులో ఘాట్గే బృందం రూపకల్పన చేసిన హెచ్.టి.-2 శిక్షణ విమానం ఎగిరింది. పదేళ్ల కిందట భాగాలు తెచ్చి బిగించిన చోటే సొంత విమానం లేచింది. అప్పటినుంచి ఒకే ఆవరణలో ఒకపక్క విమానాలు, మరోపక్క రైలు పెట్టెలు సాగాయి. 1964 అక్టోబరులో కంపెనీ హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌గా మారింది. అదే ఏడాది మే నెలలో పుట్టిన భారత్ ఎర్త్ మూవర్స్ కంపెనీ 1965 జనవరి 1న పని మొదలుపెట్టి రైలు పెట్టెల విభాగాన్ని తీసుకుంది. హెచ్.ఎ.ఎల్. ఆ తర్వాత మన హైదరాబాదు బాలానగర్‌కూ వచ్చింది. విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల విభాగం అక్కడ 1965లో మొదలైంది. ఆ చుట్టూ పెరిగిన పరిశ్రమల గురించి విడిగా రాయాలి.

భారత్ ఎర్త్ మూవర్స్ ఇవాళ బీఈఎంఎల్. 2011 అక్టోబరులో మొదలైన బెంగుళూరు మెట్రో పెట్టెల్లో చాలా అక్కడివి, ఢిల్లీ మెట్రో పెట్టెల్లోనూ చాలా అక్కడివే. 2024 సెప్టెంబరులో వందే భారత్ స్లీపర్ రైలు మొదటి నమూనాను కూడా ఆ ఆవరణ నుంచే చూపించారు. మూడో తరగతి అన్న మాటను రైల్వేలు 1974లోనే ఎత్తేశాయి.

కర్మాగారం చుట్టూ పుట్టిన పేటకు విమానపుర అని పేరు. రన్‌వే మీద ప్రయాణికుల విమానాలు ఆగిపోయినా యుద్ధ విమానాల పరీక్షలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. కెటాలినాలు వాలిన బెల్లందూరు చెరువు గతి మాత్రం చెప్పడానికి మనసు రావడం లేదు. నగరం మురుగంతా అందులోకి వదిలారు. కొన్నేళ్ల కిందట ఆ నీళ్ల మీద నురగ రోడ్డెక్కింది, నీళ్ల మీదే మంటలూ లేచాయి. యుద్ధం ఆ చెరువును ఐదేళ్లకు లోపే వాడుకుని నీళ్లను నీళ్లలాగే వదిలింది, నగరం అలా వదల్లేదు. చెరువు బాగుచేసే పనులు కోర్టుల, హరిత ట్రిబ్యునల్ ఆదేశాల మీద నడుస్తున్నాయి. హెచ్.ఎ.ఎల్. మ్యూజియంలో పాత విమానాలకు దొరికిన గౌరవంలో కొంతైనా ఆ చెరువుకు దక్కాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

వచ్చే సంచికలో ఇంగ్లండుకు వెళదాం. నార్విచ్ దగ్గర హెథెల్ అనే మైదానం నుంచి 1943లో ఇవే లిబరేటర్లు బయల్దేరేవి. అక్కడి దళం రుమేనియాలోని ప్లోయెష్తి చమురు శుద్ధి కర్మాగారాల మీద దాడికి వెళ్లి చాలా ప్రాణాలు పోగొట్టుకుంది. 1966లో కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు తన లోటస్ కార్ల కర్మాగారాన్ని ఆ మైదానానికి తరలించి, బాంబర్ల రన్‌వేలను కార్ల పరీక్షా పథంగా మార్చాడు. బెంగుళూరులో నేర్చిన చేతులు మిగిలాయి, హెథెల్‌లో మిగిలింది కాంక్రీటు మాత్రమే. అక్కడ పని ఎలా మొదలైందో అప్పుడు చూద్దాం.